గల్లాలో దొంగ 500 నోట్లు, బీరువాలో పాత 2000 నోట్లు: నష్టం ఎవరిది?

పల్నాటి_ఎరువులు | ఉదయం 8:40

అందరికీ నమస్కారం. నాది పల్నాడులో ఎరువులు, పురుగుమందుల కొట్టు. మిర్చి అమ్మిన డబ్బులు రైతుల చేతికొచ్చే రోజుల్లో మా గల్లా నిండా 500 నోట్లే. చిన్న కొనుగోళ్లకు ఫోన్‌పే చేస్తారు గానీ పాత బాకీ తీర్చేటప్పుడు మాత్రం రైతు నోట్ల కట్టే తెస్తాడు.

నిన్న బ్యాంకులో కట్టడానికి వెళితే క్యాషియర్ మూడు నోట్లు తీసి పక్కన పెట్టి దొంగనోట్లన్నాడు. వెనక్కి ఇవ్వమంటే కుదరదన్నాడు. పోనీ రసీదైనా ఇవ్వమంటే, "రసీదు రాస్తే మీ పేరు పోలీసుల దాకా వెళ్తుంది, మీకెందుకండీ ఈ టెన్షన్, వదిలేయండి" అన్నాడు. 1500 రూపాయలు పోయాయి. ఎవరిచ్చారో చెప్పలేను. ఇచ్చిన రైతుకు కూడా తెలిసి ఉండదు.

రసీదు తీసుకుంటే నిజంగా కేసు పెడతారా? కొట్లో కుర్రాళ్లకు నోటు చూడడం ఎలా నేర్పాలి? 2000 నోటు తీసేశాక దొంగనోట్ల బెడద పోతుందని చాలామంది అన్నారు కదా, మరి ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి?


కౌంటర్_నంబర్_2 | ఉదయం 9:25

నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద పనిచేసి రిటైరయ్యాను. మీ విషయంలో ఆ బ్రాంచి ఒకటి సరిగ్గా చేసింది, ఒకటి తప్పు చేసింది.

నోట్లు తిరిగి ఇవ్వకపోవడం సరైనదే. కౌంటర్‌కి వచ్చిన దొంగనోటును ఖాతాదారు చేతిలో మళ్లీ పెడితే బ్యాంకే దాన్ని చలామణిలోకి పంపినట్టు రిజర్వు బ్యాంకు లెక్కేస్తుంది. నోటు మీద ముద్ర కొట్టి స్వాధీనం చేసుకోవాలి, రిజిస్టరులో ఎక్కించాలి, దాని విలువ ఖాతాలో వేయకూడదు.

రసీదు ఇవ్వకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పు. మీరు అడగకపోయినా ఇవ్వాలి. దాని మీద క్యాషియర్ సంతకం, తెచ్చినవారి సంతకం ఉంటాయి. తెచ్చినవారు సంతకం పెట్టనన్నా సరే, రసీదు ఇచ్చి తీరాలి. ఈ సంగతి చెప్పే నోటీసు బ్రాంచిలో అందరికీ కనబడేలా పెట్టాలని కూడా నియమం ఉంది. మళ్లీ వెళ్లి మేనేజర్‌ని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ రాతపూర్వకంగా అడగండి.

ఇక పోలీసుల సంగతి. ఒకసారి కట్టిన డబ్బులో నాలుగు నోట్ల వరకు దొంగవి దొరికితే, బ్యాంకు ఆ నెలలో దొరికినవాటన్నిటితో కలిపి ఒకే నివేదిక పోలీసులకు పంపుతుంది. ఐదు, అంతకు మించితే ఎఫ్ఐఆర్ కోసం వెంటనే స్టేషనుకు పంపాలి. మీవి మూడే. రోజూ నగదు కట్టే వ్యాపారికి మూడు నోట్లు రావడం వింతేమీ కాదు, దానికి ఎవరూ మిమ్మల్ని దొంగలా చూడరు.


కోర్టు_వరండా | ఉదయం 10:05

పై సార్ చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక ముక్క. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దొంగనోట్ల సెక్షన్లు ఇప్పుడు 178 నుంచి 182 దాకా ఉన్నాయి. తయారుచేస్తే 178, దొంగదని తెలిసి చలామణి చేస్తే 179. ఈ రెండింటికీ యావజ్జీవ శిక్ష దాకా వేయొచ్చు. దొంగదని తెలిసి, అసలుదిగా చెలామణి చేద్దామని దగ్గర పెట్టుకుంటే 180, ఏడేళ్ల దాకా. నోటు సక్రమమైన మార్గంలోనే తన దగ్గరికి వచ్చిందని చూపించగలిగితే 180 కింద నేరం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది.

అందుకే ఆ రసీదు మీకు రక్షణ. మీరే బ్యాంకుకు తెచ్చారు, మీ సొంత ఖాతాలోనే కడుతున్నారు, మీ పేరుతోనే సంతకం పెట్టారు. దొంగనోట్లు మార్చేవాడు చేసే పని కాదది. రసీదు వదులుకోమని చెప్పిన క్యాషియర్ మీ చేతిలోని సాక్ష్యాన్ని వదులుకోమన్నాడు.


నైట్_షిఫ్ట్ | ఉదయం 10:31

ఇన్ని రూల్స్ ఎందుకండీ. నాకు ఒకసారి వస్తే రాత్రిపూట పెట్రోలు బంకులో ఇచ్చేశాను. నాకిచ్చినవాడు నాకు చెప్పి ఇచ్చాడా? 500 ఎవరు వదులుకుంటారు?


కూరగాయల_లత | ఉదయం 11:02

నైట్_షిఫ్ట్ గారూ, మీరు ఇచ్చిన నోటు ఎక్కడ ఆగుతుందో చెబుతాను. మా అమ్మ విజయనగరంలో రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముతుంది. పొద్దున్నే చీకట్లో బేరం. ఆ వెలుతురులో అమ్మకు నోటు రంగు తెలుస్తుంది, అంతే. 500 నోటిచ్చి నలభై రూపాయల కూర కొని, చిల్లర 460 తీసుకుని పోతారు. ఆ నోటు దొంగదైతే కూర పోయింది, చిల్లర పోయింది. వడ్డీకి తెచ్చిన పెట్టుబడిలోంచి పోయింది. మార్కెట్‌లో టోకు వ్యాపారి నోటును వెలుతురులో పెట్టి చూసి "ఇది చెల్లదమ్మా" అని ఆమె మొహాన కొడతాడు. ఆయన దగ్గర మెషిన్ ఉంది, అమ్మ దగ్గర లేదు.

బంకులో కుర్రాడికి దొంగనోటు వస్తే చాలాచోట్ల వాడి జీతంలో కోస్తారు. మీరు కాపాడుకున్న 500 వాడి ఇంట్లోంచి వచ్చిందే. దొంగనోటు అచ్చువేసినవాడికి మనమే పంపిణీ చేసిపెడుతున్నాం. నష్టం నాతో ఆగనీ అనుకోవడం కష్టం, నాకు తెలుసు. కానీ తెలిసి ముందుకు తోసేవాళ్లు ఉన్నంతకాలం ఎన్ని నోట్లు మార్చినా లాభం లేదు.


పల్నాటి_ఎరువులు | ఉదయం 11:20

అమ్మా లతా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా దగ్గర కూడా కౌలు రైతులే చివర్లో ఇరుక్కుంటారు.

కౌంటర్ సార్, నోటు చూడడం కాస్త వివరంగా చెప్పండి. కుర్రాళ్లకు ప్రింట్ తీసి గల్లా దగ్గర అంటిస్తాను.


కౌంటర్_నంబర్_2 | మధ్యాహ్నం 12:10

ముందు చెయ్యి, తర్వాత కన్ను. కొత్తగా చేరిన క్యాషియర్లకు మేము చెప్పే మొదటి మాట ఇదే.

అసలు నోటు నూలు పీచుతో చేసిన కాగితం మీద అచ్చవుతుంది. పట్టుకుంటే గరగరలాడుతుంది. గాంధీగారి బొమ్మ, అశోకుడి సింహాల గుర్తు, రెండు పక్కలా ఉండే ఏటవాలు గీతలు వేలికి ఉబ్బెత్తుగా తగలాలి. 500 నోటుకు ఒక్కో పక్కన ఐదు గీతలు. కలర్ ప్రింటర్ మీద తీసిన నోటు ఎంత బాగున్నా నున్నగానే ఉంటుంది. నలిగిన పాత నోటులో ఈ ఉబ్బు తగ్గిపోతుంది, కాబట్టి ఒక్క స్పర్శతోనే తేల్చేయొద్దు.

తర్వాత వంచి చూడండి. 500 నోటులో మధ్యనున్న సెక్యూరిటీ దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారుతుంది. దొంగనోటులో చాలాసార్లు అక్కడ మెరిసే రిబ్బనో, రంగు పూతో ఉంటుంది, వంచినా రంగు మారదు. మా అనుభవంలో ఎక్కువ దొంగనోట్లు దొరికిపోయేది ఇక్కడే. వెలుతురుకు ఎత్తి చూస్తే ఖాళీగా ఉన్న భాగంలో గాంధీగారి బొమ్మ, పక్కన 500 అంకె నీటిగుర్తుగా కనబడాలి. ఆ బొమ్మలో నీడలు మెత్తగా ఒకదాంట్లోకి ఒకటి కలుస్తాయి. పైన గీసి అంటించినట్టు గట్టి అంచులతో కనబడితే అనుమానించాలి. నంబరులో అంకెలు ఎడమ నుంచి కుడికి పెద్దవవుతూ పోవాలి.

రద్దీ వేళ ఇవన్నీ చూడలేరు. చెయ్యి, దారం, ఈ రెండు చాలు. అనుమానం వస్తే మిగతావి. రిజర్వు బ్యాంకు "పైసా బోల్తా హై" వెబ్‌సైట్‌లో బొమ్మలతో పోస్టర్లు ఉన్నాయి, అవే ప్రింట్ తీయండి.


సిద్దిపేట_సాయి | మధ్యాహ్నం 12:34

గాంధీ బొమ్మకు దగ్గరగా ఆకుపచ్చ గీత ఉంటే అది దొంగనోటు అని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నంబరులో నక్షత్రం (*) గుర్తు ఉన్న నోటు కూడా తీసుకోవద్దట. మా ఊళ్లో కిరాణా ఆయన నిజంగానే తీసుకోవట్లేదు.


కౌంటర్_నంబర్_2 | మధ్యాహ్నం 12:50

రెండూ అబద్ధాలే సాయీ. గీత గాంధీ బొమ్మ దగ్గరున్నా, గవర్నర్ సంతకం దగ్గరున్నా నోటు అసలుదే. నక్షత్రం గుర్తు నోటు సంగతి కూడా 2023 జులైలో రిజర్వు బ్యాంకే వివరించింది. అచ్చులో పాడైన నోటు బదులు కట్టలో పెట్టే నోటుకు ఆ గుర్తు వేస్తారు. ఈ పుకారు వల్ల అసలు నోటు పట్టుకున్న కూలివాడు సరుకు దొరక్క తిరిగిపోతున్నాడు. ఆ కిరాణా ఆయనకు ఈ పోస్టు చూపించండి.


స్పర్శ_చాలు | మధ్యాహ్నం 1:15

నాకు చూపు లేదు. ఆ ఏటవాలు గీతలు మాలాంటివాళ్ల కోసం పెట్టినవి. 100 నోటుకు నాలుగు గీతలు, త్రికోణం. 200కు నాలుగు గీతల మధ్య రెండు సున్నాలు. 500కు ఐదు గీతలు, గుండ్రటి గుర్తు. కొత్త నోటయితే నాకు ఎవరి సాయం అక్కర్లేదు. నలిగిన నోటు దగ్గరే ఇబ్బంది. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన "మణి" యాప్ అది ఎంత నోటో చెబుతుంది, అసలుదో కాదో చెప్పదు. ఆ తేడా తెలియక యాప్ మాట నమ్మి నోటు తీసుకున్నవాళ్లు మా సంఘంలో ఉన్నారు. అందుకే చిరిగి నలిగిన నోట్లను చలామణి నుంచి త్వరగా తీసేయాలని నేను గట్టిగా కోరుకుంటాను. నోట్ల ఉపసంహరణ అంటే ఎప్పుడూ పెద్ద నోట్ల గొడవే మాట్లాడతారు, దీని గురించి ఎవరూ మాట్లాడరు.


హాలీసిక్కా | మధ్యాహ్నం 2:40

స్పర్శ గారు మంచి మాట ఎత్తారు. ఉపసంహరణ వేరు, రద్దు వేరు. మన చర్చల్లో రెండూ కలిసిపోతున్నాయి.

2014 జనవరిలో రిజర్వు బ్యాంకు 2005కు ముందు అచ్చయిన నోట్లను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. వెనకవైపు కింద సంవత్సరం లేకపోతే అది పాత నోటు. వాటిలో భద్రతా గుర్తులు తక్కువ, దొంగనోటు చేయడం తేలిక. గడువు పొడిగిస్తూ 2016 జూన్ దాకా తెచ్చారు, నోట్లు చెల్లుబాటులోనే ఉన్నాయి, ఎవరూ లైన్లలో నిలబడలేదు. దొంగనోట్ల మీద పోరాటానికి ఇంతకంటే చక్కని పద్ధతి నాకు కనబడలేదు. అదే ఏడాది నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లను రద్దు చేశారు. చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ రెండు నోట్లలోనే ఉంది.

మన తెలంగాణలోనే ఇంకా పాత ఉదాహరణ ఉంది. నిజాం హాలీ సిక్కాను, అంటే హైదరాబాద్ సంస్థానం సొంత రూపాయిని, ఒక్క రాత్రిలో తీసేయలేదు. 1950లో భారత రూపాయిని దాని పక్కన ప్రవేశపెట్టారు, ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన. 1951లో హాలీ జారీ ఆపారు. పూర్తిగా రద్దు చేసింది 1959లో. ఆ నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు అక్షరాలూ ఉండేవి, నా దగ్గర కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లు "హాలీలో ఎంత, కల్దార్‌లో (భారత రూపాయిల్లో) ఎంత" అని లెక్కలు చెప్పుకుంటూనే నెమ్మదిగా కొత్త డబ్బుకు అలవాటు పడ్డారు.

దొంగనోట్ల భయంతోనే నోట్లు తీసేసిన సందర్భమూ ఉంది, ఇంగ్లండులో. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నాజీలు సాక్సెన్‌హౌసెన్ శిబిరంలో యూదు ఖైదీల చేత పౌండు నోట్లు అచ్చువేయించారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1943లో ఐదు పౌండ్లకు మించిన నోట్ల జారీ ఆపేసింది. పది పౌండ్ల నోటు మళ్లీ వచ్చింది 1964లో.


బర్మింగ్‌హామ్_తెలుగు | మధ్యాహ్నం 3:05

ఇక్కడ 2022 సెప్టెంబరు 30 తర్వాత కాగితం 20, 50 పౌండ్ల నోట్లు చెల్లకుండా పోయాయి, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ నోట్లే. మా అత్తగారి కోటు జేబులో పాత ఇరవై ఒకటి ఆ తర్వాత దొరికింది. భయమేం లేదు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పాత నోటును ఎప్పటికైనా మార్చి ఇస్తుంది. ఆ భరోసా ఉంటే ఉపసంహరణ ఎవరినీ బాధపెట్టదు.


దోహా_నుంచి_జగిత్యాల | సాయంత్రం 4:20

ఆ భరోసా మాకు లేకపోయింది. 2016లో నేను ఖతార్‌లో ఉన్నా. లీవు మీద వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి పోవడానికని మా రూములో ప్రతి ఒక్కరం నాలుగైదు వేలు దాచుకునేవాళ్లం. అన్నీ 500, 1000 నోట్లే. రద్దు వార్త వచ్చేనాటికి వచ్చిపోయే సెలవు ఎవరికుంది? ఎన్నారైలకు 2017 జూన్ 30 దాకా గడువిచ్చారు, మనిషికి 25 వేల పరిమితి. కానీ ఎక్కడ? ముంబై, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, నాగపూర్ రిజర్వు బ్యాంకు ఆఫీసుల్లో మాత్రమే. హైదరాబాద్ లేదు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ల దగ్గర నోట్లు చూపించి కాగితం కూడా తెచ్చుకోవాలి. నాలుగు వేల కోసం జగిత్యాల మనిషి నాగపూర్ పోతాడా?

తర్వాత వచ్చిన చట్టం ప్రకారం పదికి మించి ఆ నోట్లు దగ్గరుంటే జరిమానా. మా రూములో ఒక పెద్దాయన భయపడి చింపి పారేశాడు. నల్లధనం కాదు, దొంగనోట్లు కాదు, ఎండలో పనిచేసి సంపాదించింది.


లెక్కల_పుస్తకం | సాయంత్రం 5:15

భాయ్, మీ మాటకు బలమిచ్చే లెక్కలు రిజర్వు బ్యాంకు వార్షిక నివేదికల్లోనే ఉన్నాయి. రద్దయిన నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు, తిరిగొచ్చింది 15.31 లక్షల కోట్లు, అంటే 99.3 శాతం. తిరిగి రానిదాంట్లో మీలాంటివాళ్ల డబ్బు కూడా ఉంది.

దొంగనోట్ల వైపు: 2016-17లో బ్యాంకింగ్ వ్యవస్థలో దొరికినవి 7.62 లక్షలు. పాత నోట్లన్నీ ఒక్కసారి యంత్రాల కిందికి వచ్చాయి కాబట్టి అంత. 2017-18లో 5.22 లక్షలు, 2020-21కి 2.08 లక్షలు. అక్కడి నుంచి పెద్దగా తగ్గలేదు, 2024-25లో 2.17 లక్షలు. ఇందులో కొత్త 500 నోట్లే దాదాపు 1.18 లక్షలు, అంతకుముందు ఏడాది కంటే 37 శాతం ఎక్కువ. పల్నాడు అన్న అడిగినదానికి సమాధానం ఇక్కడుంది. 2000 నోటు పోయింది, దొంగలు 500కు మళ్లారు. అయినా 2023 మే 19న 2000 నోటు ఉపసంహరణకు రిజర్వు బ్యాంకు చెప్పిన కారణం దొంగనోట్లు కాదు. ఆ నోటు వచ్చిన అవసరం తీరిపోయిందని, చాలావరకు 2017 మార్చికి ముందు విడుదలైనవే కాబట్టి వాటి ఆయుష్షు అయిపోవస్తోందని చెప్పింది.

ఒక జాగ్రత్త. ఇవి బ్యాంకుల దాకా వచ్చి దొరికినవి మాత్రమే. లత గారి అమ్మ మొహాన కొట్టిన నోటు ఈ లెక్కలో లేదు.


సిద్దిపేట_సాయి | సాయంత్రం 5:40

మరి 500 నోటు కూడా రద్దు చేస్తారంటున్నారు కదా? 2025 మే నెలలో కడప మహానాడులో చంద్రబాబు నాయుడు గారు కూడా పెద్ద నోట్లు రద్దు చేయాలన్నారు.


లెక్కల_పుస్తకం | సాయంత్రం 6:02

ఆయన ఆ మాట 2016 అక్టోబరులోనే ప్రధానికి లేఖ రాసి అడిగారు, అభిప్రాయం మారలేదు. కేంద్రం మాత్రం 500 నోటును తీసే ఆలోచన లేదని చెప్పింది. ఏటీఎంలలో 100, 200 నోట్లు పెంచమని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు చెప్పింది, ఆ సర్క్యులర్‌నే జనం 500 రద్దని తిప్పి చెప్పుకుంటున్నారు.

నా అభిప్రాయం అడిగితే, ఇప్పుడు 500ను ముట్టుకోవడం ప్రమాదం. 2024 మార్చి నాటికి మొత్తం నగదు విలువలో 86.5 శాతం 500 నోట్లే. 2016లో రద్దయిన రెండు నోట్లు కలిపి ఎంత వాటానో ఇప్పుడు ఈ ఒక్క నోటుది అంత. చిన్న నోట్లు బాగా పెంచి, 500ను ఏళ్ల తరబడి తగ్గిస్తూ పోతే ఒప్పుకుంటాను.


పల్నాటి_ఎరువులు | రాత్రి 7:30

ఒక్క విషయం మీద నా బాధ పోవట్లేదు. దొంగనోటు నిజాయితీగా బ్యాంకుకు ఇచ్చినవాడికి మొత్తం నష్టం, ముందుకు తోసినవాడికి ఏ నష్టమూ లేదు. కనీసం సగమైనా ఇవ్వొచ్చు కదా? చిన్నవాళ్లకైనా?


కోర్టు_వరండా | రాత్రి 7:55

సగం ఇస్తే దొంగనోటుకు ప్రభుత్వమే 250 ధర కట్టినట్టు. అచ్చువేసేవాడికి 250 కూడా లాభమే, మనుషుల్ని పెట్టి బ్యాంకుల్లోనే ఇప్పిస్తాడు. అందుకే ఏ దేశంలోనూ కేంద్ర బ్యాంకులు సాధారణంగా దీనికి ఒప్పుకోవు.


కూరగాయల_లత | రాత్రి 8:20

లాయరు గారూ, మీ వాదన అర్థమైంది. కానీ ఏడాదికి ఒక మనిషికి ఒకే నోటు, ఆధార్ చూపించి, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే అని పెడితే ఏ ముఠా బతుకుతుంది దాని మీద? అదీ కుదరదంటే రైతుబజార్లలో, సంతల్లో, మార్కెట్ యార్డుల్లో నోటు చూసే మెషిన్ ఒకటి ఉచితంగా పెట్టండి. నోటు తీసుకోకముందే చూసుకుంటాం, పరిహారం అడగం. బ్యాంకులో 100, అంతకు పైబడిన ప్రతి నోటూ మెషిన్‌లో చూశాకే బయటికివ్వాలని నియమం ఉందంటారు. ఆ రక్షణ బ్యాంకు గోడ దాటి ఒక్క అడుగు కూడా మా వైపు రాలేదు.


కోర్టు_వరండా | రాత్రి 8:41

మెషిన్ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మార్కెట్ కమిటీ రుసుములు వసూలు చేస్తుంది కాబట్టి అడగడానికి హక్కుంది. విజయనగరం రైతుబజార్‌కు వినతిపత్రం రాయాలంటే నేను రాసిపెడతాను. పరిహారం దగ్గర మాత్రం నా అభిప్రాయం మారలేదు.


నైట్_షిఫ్ట్ | రాత్రి 9:10

లత గారూ, బంకు కుర్రాడి జీతంలో కోస్తారన్న సంగతి నేను ఆలోచించలేదు. ఇకమీదట వస్తే బ్యాంకులోనే ఇస్తాను.


కొత్తసభ్యురాలు_ఏలూరు | రాత్రి 9:35

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా నాయనమ్మ పోయాక బీరువాలో చీరల మధ్య 2000 నోట్లు పద్నాలుగు దొరికాయి. బ్యాంకువాళ్లు తీసుకోబోమని చెప్పారు. ఇవి పోయినట్టేనా? ఇంట్లో ఉంచుకుంటే జరిమానా ఏమైనా ఉందా?


కౌంటర్_నంబర్_2 | రాత్రి 9:58

పోలేదమ్మా, జరిమానా కూడా లేదు. ఆ జరిమానా 2016లో రద్దయిన 500, 1000 నోట్లకు. 2000 నోటు ఇప్పటికీ చెల్లుబాటులోనే ఉంది, చలామణి నుంచి మాత్రమే తీశారు. 98 శాతానికి పైగా తిరిగొచ్చేశాయి. మామూలు బ్యాంకులు తీసుకునే గడువు 2023 అక్టోబరు 7తో అయిపోయింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు 19 ఇష్యూ ఆఫీసుల్లోనే తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కటీ లేదు. మీకు హైదరాబాద్, చెన్నై, భువనేశ్వర్ ఉన్నాయి.

నేరుగా వెళితే ఒకసారికి 20 వేల వరకు మార్చి ఇస్తారు. మీవి 28 వేలు కాబట్టి మీ ఖాతాలో జమ చేయమనండి, దానికి పరిమితి లేదు. ప్రయాణం వద్దనుకుంటే ఏలూరు హెడ్ పోస్టాఫీసు నుంచే ఇండియా పోస్టులో హైదరాబాద్ రిజర్వు బ్యాంకుకు పంపొచ్చు, డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో దరఖాస్తు ఫారం ఉంటుంది. గుర్తింపు కార్డు నకలు, ఖాతా వివరాలు జత చేయండి, నోట్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి. ఇన్సూర్డ్ పోస్టులోనే పంపండి. కమీషన్ ఇస్తే మార్చిపెడతామని ఎవరైనా వస్తే నోట్లు చేతికివ్వొద్దు.


కొత్తసభ్యురాలు_ఏలూరు | రాత్రి 10:06

చాలా థాంక్స్ అండీ. సోమవారం హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి, అక్కడ ఏమన్నారో ఇక్కడే రాస్తాను.